బకెట్లో ఏకవచనం

"భయ్యా, బయట బకెట్ల నీళ్ళుంది! జర చూస్కోండి!"

శనివారం పొద్దున వీరభద్రరావు చెవిన పడ్డ మాట ఇది. అదీ ఒక్క చెవినే. రెండో చెవిని రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకుకి అద్దెకిచ్చేశాడు. ఆ చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, సింగపూరు సెంబవాంగ్‌లో తన ఫ్లాట్ హాల్లో లుంగీతో కూర్చుని, బ్యాంకువాళ్ళ కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజు ఎప్పుడు ఒడ్డెక్కుతుందా అని ఎదురుచూస్తున్నాడు. రిలీజంటే సినిమావాడికి పండగ, సాఫ్ట్‌వేరువాడికి శనివారం దండగ.

"సరేనమ్మా, చూసుకుంటా!" అని గుమ్మం వైపు ఓ కేక వేశాడు.

రెండు జతల చెప్పుల చప్పుడు లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. ఒక జత భార్య హైమావతిది, ఇంకో జత పక్క ఫ్లాటు నిగార్‌ది. కింద మార్కెట్టుకి పోతున్నారు, గంటలో వస్తారు.

చెప్పుల చప్పుడు పోయింది గానీ మాట చప్పుడు పోలేదు. నీళ్ళుంది! వీరభద్రరావు లోపల నిద్రపోతున్న తెలుగు మేష్టారు దిగ్గున లేచి కూర్చున్నాడు. నీళ్ళు ఉంది ఏమిటి, నీళ్ళు ఉన్నాయి అనాలి గానీ? పాలు, నీళ్ళు నిత్య బహువచనాలు కదా! నిగార్‌ది హైదరాబాదు పాతబస్తీ. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట తెలుగు. ఇన్నేళ్ళ పొరుగులో ఆమె తెలుగుని ఈయన దిద్దని రోజు లేదు. "పాతబస్తీలో నీళ్ళకి కరువమ్మా, అందుకే పొదుపుగా ఏకవచనంలో వాడుతున్నావు" అని ఆమె రాగానే అనాలని, మర్చిపోకుండా నాలిక చివర ముడేసి పెట్టుకున్నాడు.

వీరభద్రరావు గురించి ఇక్కడో మాట చెప్పాలి. ఆయన దగ్గర ఒక మాటంటే ఒకటి కాదు, రెండు. దొరికిన మాటని దొరికినట్టు విరిచి రెండు చేస్తే గాని ఆయనకి అన్నం సయించదు. హాకర్ సెంటర్లో తిండికి కూర్చున్నా, పెళ్ళిలో అక్షింతలేస్తున్నా, దంతవైద్యుడి ముందు నోరు తెరిచినా అంతే. "మా ఆయన మాట వినరమ్మా, మాట చప్పుడు వింటారు" అని హైమావతి అందరికీ చెప్పేది. అందరూ దాన్ని పొగడ్త అనుకునేవారు. ఆయనా అలాగే అనుకునేవాడు.

ఇది పిత్రార్జితం. నిడదవోలులో తెలుగు మేష్టారు సాంబమూర్తిగారు పోయాక పంపకాలైతే, అన్నయ్య బాబ్జీకి టేకు బీరువా వచ్చింది, ఈయనకి శ్లేష వచ్చింది. శ్లేష్మం కాదు, శ్లేషే. దాంతోబాటు ఓ కండువా.

కండువా అంటే ఏం పట్టుదీ జరీదీ కాదు. తెల్లటి నూలు కండువా, సన్నటి గళ్ళ అంచు. సాంబమూర్తిగారి ఎడం భుజం మీద అది లేని రోజు లేదు. చెమట తుడుచుకోవడానికి అదే, డస్టరు కనపడకపోతే బోర్డు తుడవడానికి అదే, వెనక బెంచీవాణ్ణి అదిలించడానికి అదే. తను వేసిన శ్లేషకి తనే ముందు నవ్వొస్తే నోటికి అడ్డం పెట్టుకోవడానికీ అదే. "చుక్క నీళ్ళైనా, సముద్రం నీళ్ళైనా బహువచనమేరా. అది నీళ్ళకిచ్చే మర్యాద!" అంటూ ఆ కండువా కొంగుతో సుద్దపొడి దులుపుకునేవారు.

ఆ కండువా సింగపూరు గాలిలోని తేమకి ఓడిపోయింది. బీరువాలో ఇనుప హ్యాంగరుకి వేలాడదీస్తే, హ్యాంగరు కాస్తా తుప్పు పట్టి, కండువా నడిమధ్యన బెత్తెడు మరక పడింది. నిమ్మకాయ పిండారు, ఉప్పు రాశారు, సబ్బు రుద్దారు, ఏడవగలిగినంత ఏడ్చారు. మరక చెక్కుచెదరలేదు. "తప్పెవరిదైనా తుప్పు మాత్రం హ్యాంగరుదే" అని పైకి అన్నాడు గానీ, ఆ రోజు నుంచీ వీరభద్రరావు ఆ బీరువా తలుపు తీసినప్పుడల్లా చూపు పక్కకి తిప్పుకుంటున్నాడు. నాన్నవంటూ మిగిలినవి రెండే కదా. అందులో కంటికి కనపడేది అదొక్కటే.

అది చూడలేకే హైమావతి ఓ పొద్దున, ఈయన బూట్లు వేసుకుంటుండగా కదిపింది.

"ఏవండీ, మామయ్యగారి కండువాకి షిబోరి చేద్దామనుకుంటున్నాం, నేనూ నిగారూ."

"శబరి చేస్తారా? చెయ్యండి చెయ్యండి. ఎంగిలి పళ్ళు రెండు నాకూ ఉంచండి!"

"శబరి కాదండీ బాబూ, షిబోరి. జపానువాళ్ళ అద్దకం. గుడ్డని మడతపెట్టి, అక్కడక్కడా ముళ్ళేసి నీలిరంగులో ముంచితే..."

"ముళ్ళెయ్యడం మనకి కొత్తా ఏమిటి? మూడే మూడు వేశాను, ఇప్పటిదాకా ఊడి రాలేదు!"

"చెయ్యమంటారా, వద్దంటారా?"

"శబరి అడిగితే రాముడు కాదంటాడా?"

ఆ శ్లేషకి ట్రైను ఎక్కిందాకా నవ్వుకుంటూనే ఉన్నాడు. శ్లేష చెవిలో నిలిచింది, విషయం రెండో చెవిలోంచి ప్లాట్‌ఫారం మీదే దిగిపోయింది.

హైమావతి ఆ తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పింది. ఒకసారి "నీకు జపనీసు వస్తే నాకు నీరసం వస్తుంది" అన్నాడు. ఇంకోసారి ఏమన్నాడో ఆయనకే గుర్తులేదు.

*

బ్యాంకువాళ్ళు పావుగంట విరామం ఇచ్చారు. వీరభద్రరావు హెడ్‌ఫోన్ తీసి, నడుం విరుచుకుని, కారిడార్లోకి వచ్చాడు.

నిగార్ గుమ్మానికీ తన గుమ్మానికీ మధ్యన ఓ పెద్ద ప్లాస్టిక్ బకెట్. దాని మీద పళ్ళెం మూత. మూత మీద ఓ తడి ముద్ద. పచ్చగా, నీలంగా, నల్లగా, ఏ రంగో దానికే తెలియనట్టు ఉంది. చుట్టూ దారాలు, రబ్బరు బ్యాండులు. బుడిపెలు బుడిపెలుగా, ముసలి కప్ప వీపులా ఉంది. తుడుపుగుడ్డని ఇంత కక్షగా పిండి కట్టిందెవరో అనుకున్నాడు.

ముద్దని పక్కకి నెట్టి మూత తీశాడు. తీసి ముక్కు మూసుకున్నాడు.

నీళ్ళే. కానీ ఏం నీళ్ళు! పసుపూ ఆకుపచ్చా కలిసి కుళ్ళినట్టున్నాయి. పైన రాగి రంగులో తళతళలాడుతూ మీగడలాంటి తెట్టు. మధ్యలో నురగ గుత్తి. ఎన్నాళ్ళ నిలవో!

లిఫ్టు పక్కన బల్లంత దోమ బొమ్మతో పోస్టరుంది. నీళ్ళు నిలవ ఉంచకండి, బకెట్లు బోర్లించండి అని. సింగపూరులో నిలవ నీళ్ళకి ముందు దోమొస్తుంది, దోమ వెంట జ్వరమొస్తుంది, జ్వరం కన్నా ముందు జరిమానా వస్తుంది. పాపం ఆ పిల్లకి తీరిక లేక, తనని చూసుకోమని చెప్పింది. పొరుగువాడన్నాక ఆ మాత్రం చూసుకోకపోతే ఎలా?

చూసుకున్నాడు. బకెట్టుని రెండు చేతులా పొదివి పట్టి, ఒలుకుతున్నా లెక్కచెయ్యకుండా బాత్‌రూములోకి మోసుకెళ్ళి, ఆఖరి బొట్టుదాకా కమోడ్‌లో వంపేశాడు. అడుగున పేరుకున్న మడ్డిని చేత్తో గీకి కడిగాడు. బకెట్టు తెచ్చి కారిడార్లో శాస్త్రోక్తంగా బోర్లించాడు. తర్వాత ఆ ముద్దని రెండు వేళ్ళతో ఎత్తాడు. లోపల గులకరాళ్ళలాంటివేవో తగిలాయి. కారిడార్ చివర చెత్త వేసే గొట్టం తలుపు లాగి, అందులో పడేశాడు. తొమ్మిదో అంతస్తు నించి అది గోడలకి కొట్టుకుంటూ, దబ్ దబ్ దబ్‌మని దిగిపోయింది.

ఓ మంచి పని చేసినవాడి నడకతో వెనక్కొచ్చి, చేతులు కడుక్కోవడానికి సింకు ముందు నిలబడ్డాడు.

చేతులు పచ్చగా ఉన్నాయి. సబ్బు రాశాడు. చూస్తుండగానే పచ్చదనం మీద నీడ పడ్డట్టు అంచుల నుంచి నీలం పాకింది. ఇంకాస్త రుద్దాడు. ఇంకాస్త నీలమైంది. గోళ్ళ సందులు, చేతిగీతలు, మణికట్టు దాకా నీలం. జాతకమంతా నీలం. శనగలు తిని చెయ్యి కడుక్కోవడం విన్నాం గానీ, కడుక్కున్నకొద్దీ పట్టుబడే చెయ్యి ఆయన చూడలేదు.

"మింగినవాడు నీలకంఠుడైతే, ముంచినవాడు నీలహస్తుడు" అని అద్దంలో తనకి తనే చెప్పుకుని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది.

ఎందుకంటే ఈ చెయ్యి ఆయనకి తెలుసు. ఈ నీలం తెలుసు.

అది అమ్మ చెయ్యి.

నిడదవోలులో ఆదివారం పొద్దున పెరట్లో రెండు గంగాళాలు. ఒకదాంట్లో సబ్బు నురగ, రెండోదాంట్లో నీలిమందు. అమ్మ తారాదేవి నీలిపొడిని చిన్న గుడ్డలో మూటకట్టి నీళ్ళలో ఆడించేది. మూట చుట్టూ నీలం పొగలా విచ్చుకునేది. అరచెయ్యి ముంచి చూసుకుని, గోరు రంగు తిరిగిందంటే చాలనేది. నాన్న పంచెలు, లాల్చీలు, కండువా ఒక్కొక్కటే ముంచి, పిండి, దండెం మీద దులిపి వేస్తే, ఆ తుంపర మొహాన పడటానికి చిన్న భద్రం కింద నిలబడేవాడు.

ఓ ఆదివారం గోడవతల పిన్నిగారితో ఏదో ముచ్చట్లో పడి అమ్మ మూట సంగతే మర్చిపోయింది. తేరుకునేసరికి నీలి గడ్డలు గడ్డలుగా కరిగిపోయి, నాన్న బట్టలన్నీ ఆకాశమైపోయాయి. కండువాతో సహా. అక్కడక్కడా పిండిన మడతల్లో మాత్రం తెలుపు మిగిలి, మబ్బు తునకల్లా ఉంది.

అమ్మ దాదాపు ఏడ్చింది. నాన్న మాత్రం సోమవారం వాటినే కట్టుకుని బడికి పోయారు. క్లాసంతా గొల్లుమంటే, "ఏం, రోజూ ఆకాశం వంక చూస్తూ కూర్చుంటారుగా! ఇవాళ ఆకాశమే దిగొచ్చి పాఠం చెబుతుంది, వినండి" అన్నారట. సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, కండువా కొంగు రెండు చేతులా పట్టి చూపించి, అన్నారు.

"తారా! ఇది నీలి కాదే, నీ లీల!"

అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్విన నవ్వు. ఆ చేతులు, నీలం చేతులు. వీరభద్రరావు పుట్టాక విన్న మొదటి శ్లేష అదేనేమో. మాటని విరిస్తే ఇల్లంతా నవ్వుతుందని ఆ సాయంత్రమే తెలిసింది. ఆ తర్వాత ఎన్నివేల మాటలు విరిచాడో, ఇది మాత్రం ఎప్పుడో చెయ్యి జారిపోయింది. ఇవాళ చేతికంటుకుని తిరిగొచ్చింది.

కుళాయి కట్టేశాడు. కుళ్ళు నీళ్ళలో ఈ రంగెక్కడిది అని అప్పుడు తోచింది. తోచేసరికి కారిడార్లో కేక వినపడింది.

*

"అల్లా! నా నీల్! నా నీల్ ఎవరు పారబోసిండ్రు?"

బోర్లించిన బకెట్టు ముందు నిగార్ గొంతుక్కూర్చుని ఉంది. ఒక చేతిలో కూరల సంచీ, ఒక చేతిలో కొత్త రబ్బరు గ్లవ్స్ పొట్లం. వెనకాల హైమావతి.

"నేనేనమ్మా" అంటూ వీరభద్రరావు బయటికొచ్చాడు. "నువ్వే కదా నీళ్ళ సంగతి చూసుకోమన్నావు. పాచిపట్టాయి, తెట్టుకట్టింది, దోమలొస్తాయని..."

"నీళ్ళు ఎవరన్నరు భయ్యా? నీల్ అన్న! బకెట్ల నీల్ ఉంది, జర చూస్కోండి అన్న! ముట్టమంటినా?"

గోలకి వీరభద్రరావు కూతురు నిఖిల నిద్రమొహంతో గుమ్మంలోకి వచ్చింది. పాలిటెక్నిక్ పిల్ల, శనివారం పదకొండైతే గాని తెల్లవారదు. బకెట్టు చూసింది, నాన్న చేతులు చూసింది.

"నాన్నా! బ్లూ హ్యాండెడ్‌గా దొరికిపోయావ్ లా!" అంది, చివర సింగపూరు 'లా' తగిలించి.

మామూలు రోజైతే వంశం నిలిచిందని పొంగిపోయేవాడే. ఇప్పుడు ఆయనకి వినపడలేదు.

"నీల్ అంటే..."

"నీలిమందండీ" అంది హైమావతి. "ఉర్దూలో నీల్ అంటారు. పొద్దున్నించీ ఇద్దరం కలిపి కాచింది. ఆ రంగు బకెట్లో పచ్చగానే ఉంటుంది, గుడ్డకంటి గాలి తగిలాకే నీలమవుతుంది. గంటసేపు కదపకుండా ఉంచాలని మూతపెట్టి వెళ్ళాం. షిబోరిని బోర్లించేశారు కదండీ!"

అంటూ అంటూ ఆమె ఆగిపోయింది. బకెట్టు చుట్టూ చూసింది.

"మూత మీద మూటేదీ?"

"ఆ తుడుపుగుడ్డా?"

"తుడుపుగుడ్డా?"

"గొట్టంలో పడేశా."

హైమావతి అరవలేదు. అరిచినా బావుండేది. గోడకి ఆనుకుని, మెల్లిగా, ఒక్కొక్క మాటా ఆయనకి అందేటట్టు చెప్పింది.

"అది మామయ్యగారి కండువా. మూడుసార్లు చెప్పాను మీకు."

వీరభద్రరావు నీలం వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. మూడుసార్లు చెప్పింది. ఒకసారికి శబరన్నాడు, ఒకసారికి నీరసమన్నాడు, ఒకసారికి ఏమన్నాడో కూడా తెలీదు. నాన్న ఎడం భుజం తొమ్మిది అంతస్తుల గొట్టంలో దబ్ దబ్‌మని దిగిపోవడం తన చెవులతో విన్నాడు. చప్పుడు వినడంలో తనకి సాటి ఎవరు?

"చెత్త బండి ఎప్పుడొస్తుంది?" అన్నాడు.

"ఎనీ టైమ్" అంది నిఖిల.

బ్యాంకువాళ్ళ కోసం ఆగలేదు, లిఫ్టు కోసమూ ఆగలేదు. లుంగీ ఎగ్గట్టి మెట్ల మీద పడ్డాడు.

*

కింద చెత్తగది తలుపు తీసే ఉంది. క్లీనింగ్ చేసే చైనీస్ ముసలాయన గొట్టం కింది పెద్ద చక్రాల డబ్బాని బయటికి లాగుతున్నాడు. ఎదురుగా రొప్పుతూ, లుంగీలో, మణికట్టు దాకా నీలం చేతులతో ఓ మనిషి దణ్ణం పెడుతుంటే, డబ్బాని రెండడుగులు వెనక్కి నెట్టాడు.

"అంకుల్! వన్ మినిట్! ప్లీజ్!"

"వాట్ యూ ఫైండ్? గోల్డ్ ఆ?"

"నో గోల్డ్, అంకుల్" అన్నాడు వీరభద్రరావు. "ఓల్డ్."

ముసలాయనకి ఏం అర్థమైందో ఏమో, తన గ్లవ్స్ తీసి ఇచ్చాడు. "యువర్ హ్యాండ్ ఆల్రెడీ స్పాయిల్, నెవర్ మైండ్, వేర్ లా" అన్నాడు.

సంచులు తీసి పక్కన పెడుతున్నాడు. ఎవరి ఇంటి చేపముళ్ళో, ఎవరి ఇంటి దురియన్ పండు తొక్కలో. అరటి తొక్క అనుకుని పట్టుకున్నది డైపరైంది. తల డబ్బాలోకి దూర్చాడు. నాన్నా, నాన్నా అని లోపల అనుకుంటున్నాడో పైకే అంటున్నాడో తెలీదు. ఓ నూడుల్స్ డబ్బా కింద బుడిపెలు తగిలాయి. కప్ప వీపు! లాగాడు. దారాలు తెగలేదు, ముళ్ళు ఊడలేదు. పైన కాసిని కాఫీ పిప్పి, అంతే.

ఆ తడిముద్దని రెండు చేతుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. నిఖిల అప్పటికి దిగొచ్చింది. నాన్న మొహం చూసి, సంచులన్నీ ఒక్కొక్కటే డబ్బాలో సర్దింది. ముసలాయన డబ్బా లాక్కుపోతూ, "ఓల్డ్ ఈజ్ గుడ్" అన్నాడు.

*

నిగార్ కారిడార్లో కొత్త బకెట్టు నిండా మంచినీళ్ళు పట్టి ఉంచింది. "నాకివ్వండి భయ్యా. ముళ్ళు విప్పకముందే కడగాలె" అని ముద్దని అందుకుంది. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. కానీ చేతులు మాత్రం మెత్తగానే కదులుతున్నాయి.

"మీదేం పాడుకాలేదు కదా?" అన్నాడు వీరభద్రరావు తల దించుకునే.

"మా అమ్మీ దుపట్టా ఇంకా ఉత్త నీళ్ళల్లనే నానుతుంది. దానికి ఇప్పుడు రంగు లేదు" అంది నిగార్. నీళ్ళు మార్చి మళ్ళీ ముంచింది. "శాలిబండల మా గల్లీ మూలకు బట్టలకు రంగులేసే రంగ్రేజ్ ఉండె. అమ్మీ నన్ను తోలుకపోయి గంటలు గంటలు కూసునేది. దుపట్టాల శనగలు పెట్టి ముళ్ళేసేది. ఒక్కొక్క శనగ, ఒక్కొక్క ముడి. నీల్‌ల ముంచి పైకి తీస్తే పచ్చగ వస్తది, చూస్తనే ఉంటే నీలమైతది. జాదూ అనుకునేదాన్ని. జపాన్ వీడియోల గదే జాదూ చూసి నేనూ హైమా మొదలువెట్టినం. మామయ్య కండువాకి కూడ శనగలే పెట్టినం."

అవీ ఆ గులకరాళ్ళు.

నిగార్ భర్త అబ్దుల్ రహీం కూరల సంచీ వెతుక్కుంటూ బయటికొచ్చాడు. కారిడార్ చివరి ఫ్లాటు మలయ్ ముసలావిడ, అందరూ మక్‌చిక్ అని పిలిచే ఆమె, మొక్కలకి నీళ్ళు పోస్తూ చెంబుతో సహా దగ్గరికొచ్చింది. హైమావతి కత్తెరతో దారాలు తెంపుతోంది. ఒక్కో ముడి విడుతుంటే ఒక్కో శనగ టపటపా రాలి కారిడార్లో దొర్లుతోంది.

ఆఖరి మడత విప్పి, హైమావతి ఒక కొస, నిగార్ ఒక కొస పట్టుకుని కండువాని దులిపారు. తుంపర వీరభద్రరావు మొహాన పడింది.

"అయ్యో" అంది హైమావతి. "ఒక్క మునకే కదా పడింది. ఇంకో రెండు మూడు మునకలేస్తే గాని ముదురు రంగు రాదు. లేతగా, వెలిసినట్టు ఉండిపోయింది."

అవును, ముదురు నీలం రాలేదు. పలచటి నీలం వచ్చింది. ఆదివారం గంగాళంలో మూట మర్చిపోతే వచ్చే నీలం. శనగలున్నచోట తెల్లటి చిన్న చిన్న వలయాలు, మడతల్లో తెల్లటి మబ్బు తునకలు. మధ్యలో తుప్పు మరక పోలేదు. కానీ ఆకాశంలో పడ్డాక అదిప్పుడు మరకలా లేదు, వాన మోసుకొస్తున్న మబ్బులా ఉంది. ఓ మూల కాఫీ పిప్పి రంగు కూడా కాస్త అంటింది. అది వీరభద్రరావు వాటా.

ఆయన కండువా అందుకున్నాడు. ఎడం భుజాన వేసుకోబోయి, వేసుకోలేక, కొంగు రెండు చేతులా పట్టుకున్నాడు. నీలం చేతుల్లో నీలం కండువా.

"హైమా" అన్నాడు. "ఇది నీలి కాదే. నీ లీల."

హైమావతి పదేపదే విన్న వందల శ్లేషల్లో ఇది లేదు. ఆయన కళ్ళు చూసి, ఇది ఈయనది కాదని ఆమెకి తెలిసిపోయింది. "మామయ్యగారిదా?" అంది. తల ఊపాడు. ఆమె చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అపా జాది?" అంది మక్‌చిక్, ఏమైందని. అబ్దుల్ రహీం కూడా, "క్యా హువా మియా, ఎవరన్న జర నాకూ చెప్పండి" అన్నాడు.

వీరభద్రరావు గొంతు సవరించుకున్నాడు. నలుగురి ముందు ఆయన గొంతు సవరించుకుంటే శ్లేష రాబోతోందని కారిడారంతటికీ తెలుసు. నిఖిల కళ్ళు మూసుకుంది కూడా. కానీ ఆయన మొదట నిగార్ వైపు తిరిగాడు.

"పొద్దున ఈమె నాకు బకెట్లో నీల్ ఉంది, చూసుకోమని చెప్పింది. నీల్ అంటే ఉర్దూలో నీలిమందు. నేను నీళ్ళు అని విన్నాను. చూసుకోమంటే కాపలా కాయమని. నేను వదిలించుకోమని అనుకున్నాను. అంతవరకూ చెవి తప్పు. కానీ దానికన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. ఈమె 'ఉంది' అంది. నీళ్ళైతే 'ఉన్నాయి' అనాలి. నీళ్ళు నిత్య బహువచనం, మా నాన్న చెప్పిన మొదటి పాఠం. అక్కడే ఆగి, ఈమె అంటున్నది నీళ్ళు కాదురా, ఇంకేదో అని తెలుసుకోవాలి. నేనేమనుకున్నానంటే, పాపం పాతబస్తీ పిల్ల, తెలుగు రాదు అని. తెలుగు మేష్టారి కొడుకుని కదా! ఆమె వ్యాకరణం అక్షరాలా సరైనది. బకెట్లో ఉన్నది ఏకవచనమే. బహువచనం చేసింది నేను."

నిఖిల ఇదంతా ఇంగ్లీషులో మక్‌చిక్‌కి చెబుతుంటే, సగంలోనే ఆమె చెంబు పైకెత్తి నవ్వింది.

"ఓ, నీలా! వి ఆల్సో సే నీలా!" అని, తమ మలయ్ సామెత ఒకటి వినిపించింది. ఒక్క చుక్క నీలా పడితే కుండెడు పాలు పాడవుతాయట.

"చూడండి" అన్నాడు వీరభద్రరావు. "ఈవిడకి నీలా, నిగార్‌కి నీల్, మా అమ్మకి నీలి. మూడిళ్ళల్లో ఒకటే మాట. నీళ్ళు విన్నవాణ్ణి నేనొక్కణ్ణే. తప్పు నాది చెల్లీ. వచ్చే శనివారం మళ్ళీ రంగు కాచుదాం. మీ అమ్మగారి దుపట్టా మునిగి తేలేదాకా బకెట్టు పక్కన నేనే కాపలా. నోరు కుట్టేసుకుని కూర్చుంటా."

"నోరు కుట్టుడు నీతోని ఏడైతది మియా" అన్నాడు అబ్దుల్ రహీం. అందరూ నవ్వారు.

నిగార్ మాత్రం నవ్వు బిగపట్టింది. కింద దొర్లుతున్న శనగలు ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో వేసుకుని, లేచి నిలబడి, తెలుగు టీచరమ్మలా వేలు చూపించింది.

"మాఫ్ చేసిన భయ్యా. కానీ అరిచి అరిచి గొంతు ఎండిపోయింది. తాగనీకి జర నీళ్ళు తెండి. ఇంట్ల ఉన్నాయి కదా? ఉ-న్నా-యి."